అత్తమ్మ వినాలనుకున్న సాక్ష్యం

అత్తమ్మ తుంటి ఎముక విరిగి మంచాన పడిన నెలలోనే మా అమ్మాయి బాప్తిస్మం వచ్చింది. మా చర్చిలో నీళ్లలో మునగబోయే ముందు ప్రతి ఒక్కరూ నిలబడి తమ విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పాలి. ఆ మాటలు వినాలని అత్తమ్మ కోరిక. పిల్లకు ప్రార్థన నేర్పింది ఆమే.

"చూడకపోయినా పర్లేదు మే. బిడ్డ చెప్పేది వింటే చాలు" అంది.

వీడియో కాల్ పెడదామనుకున్నాం. ముందురోజు గాలివానకు మా మైపాడులో సిగ్నల్ మొత్తం పోయింది. అయినా నేను దిగులుపడలేదు. చిన్నప్పటి నుంచి కాళ్లు సరిగా లేక నేను బడికి పోలేదు. నాన్న ఇంట్లోనే చదివించాడు, పెళ్లయ్యాక మరిది కంప్యూటరు నేర్పించాడు. ఇద్దరి కోసం దేవునికి వందనాలు చెప్పుకోని రోజు లేదు. మరిది ఇదివరకే నా ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టిచ్చాడు. మైకులో పడిన మాట ఒక వెబ్ పేజీలో వినిపిస్తుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఇంటి వైఫై చాలు. అది రెండిళ్ల అవతల ఉన్న చర్చి దాకా అందుతుంది. శనివారం సాయంత్రం ల్యాప్‌టాప్‌లోనే పేజీ తెరిచి చూశాను. నా గొంతు నాకు వినిపించింది. అంతటితో సరిపోయిందనుకున్నాను.

ఆదివారం ల్యాప్‌టాప్‌ను చర్చిలో మైకుకు తగిలించి, ఇంటికొచ్చి అత్తమ్మ ఫోనులో పేజీ తెరిచాను. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను. లేదు.

"ఏందమ్మే, నీ పెట్టె గూడా నా మాదిరే మంచం దిగనంటా ఉండాదా?" అంది అత్తమ్మ.

పక్కింట్లో బట్టలు కుట్టే అక్క, నమాజు ముగించుకొని వచ్చి ఆమెకు తోడు కూర్చుంది. "నువ్వు పో మే, నేను ఫోను నొక్కతా ఉంటా. వినపడితే వొచ్చి చెప్తా" అంది.

అవతల చర్చిలో మొదటి పాట అయిపోవస్తోంది. నా నడక తెలిసిందే. చర్చి చేరేసరికి సాక్ష్యాలు మొదలయ్యాయి. వెనక స్తంభం పక్కన కూర్చుని ప్రోగ్రాం సెట్టింగులు తెరిచాను. మరిదిని అడుగుదామంటే ఊళ్లో లేడు, సిగ్నల్ లేక ఫోను కలవదు. పై వరుసలోనే 127.0.0.1 అని కనిపించింది. కంప్యూటరు తనను తాను పిలుచుకునే చిరునామా అది. అక్కడ అదొక్కటే ఉంటే ఆ పేజీ ఈ ల్యాప్‌టాప్‌కు తప్ప ఇంకెవరికీ పలకదు. వైఫైలో వచ్చిన ఫోను ఎంత తట్టినా లోపలికి రానివ్వదు. నేను పరీక్షించింది కూడా ఇందులోనే కదా, ఎలా తెలుస్తుంది? ఏ దారిన ఎవరొచ్చినా పలకాలంటే 0.0.0.0 అని ఉండాలి. మరిది ఎప్పుడో చెప్పాడు.

మార్చాను. ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. అప్పుడే పాస్టరుగారు మా అమ్మాయిని పిలిచారు.

అది తెల్లబట్టల్లో లేచి నిలబడి ముందు వరుసలో నా కోసం వెతికింది. నేను ప్రోగ్రాం మళ్లీ మొదలుపెట్టి, తల ఎత్తి చెయ్యి ఊపేలోపే, బయటివాళ్లను రానివ్వాలా అని తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఒప్పుకున్నాను. తెర మీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. "ప్రభువా, ఒక్క నిమిషం" అనుకున్నాను. ఎవరిని ఆపమని అడిగానో నాకే తెలియదు. "మా అవ్వ..." అన్నది చెవిన పడింది. తర్వాతి మాటలు పడలేదు. నా కళ్లు తెర మీదే ఉన్నాయి. నీళ్ల చప్పుడైంది. అందరూ స్తోత్రం అన్నారు.

కాసేపటికి పక్కింటి అక్క చర్చి గుమ్మంలో నిలబడి తలూపింది. వినపడుతోందట.

ఇంటికెళితే అత్తమ్మ ఫోను చెవికి ఆనించుకుని ఉంది. "నీళ్ల చప్పుడు బాగా విన్న్యా. ముందర బిడ్డేం చెప్పినాదే?"

"నీ గురించి చెప్పింది అత్తమ్మా" అన్నాను. అంతకుమించి నా దగ్గర లేదు.

అమ్మాయి తడిజుట్టుతో వచ్చింది. ఏం చెప్పావని అత్తమ్మ అడిగింది, నేనూ అడిగాను. అది సిగ్గుపడి మంచం పట్టె మీద కూర్చుంది. "మళ్లీ చెప్తే పాఠం అప్పజెప్పినట్టుంటాది అవ్వా."

"సరేలే, దేవుడు విన్నాడు గదా" అని అత్తమ్మ దాని తల తుడిచింది.

ఫోను మాత్రం ఇవ్వలేదు. చర్చిలో చాపలు చుడుతున్న చప్పుడు, ఎవరో ఆడవాళ్లు "ఈ చాప పెద్దామె కూర్చునేది, జాగర్తగా చుట్టు" అనడం అందులో వినిపిస్తున్నాయి. ల్యాప్‌టాప్ తెచ్చుకోవడానికి నేను మధ్యాహ్నం దాకా వెళ్లలేదు.