కల్నల్ గోళ్లు

ఎనిడ్ ఆక్రాయిడ్ ఉద్యోగం చేసినన్నాళ్లూ బడి వంటగదిలో పిల్లలకు అన్నాలు వడ్డించింది. మారు అడిగిన పిల్లలకు గరిటెడు బంగాళాదుంప ముద్దతో పాటు చురుక్కుమనే మాట కూడా ఒకటి వడ్డించేదట. ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో మాది పక్కిల్లు. నేను ఈ వీధికి కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ నాతో అన్న మొదటి మాట, "చెత్తడబ్బా అలా అడ్డంగా పెట్టకు పిల్లా, పోస్టాయన పడి చస్తాడు" అని. ఆ తర్వాత మా స్నేహం బాగానే కుదిరింది.

ఈ వేసవి చివర స్కార్‌బరోలో ఆవిడ అక్క మేవిస్ పోయింది. ఆమె పెంచిన తాబేలును ఎనిడ్ అట్టపెట్టెలో పెట్టుకుని, రైలెక్కి తెచ్చుకుంది. దాని పేరు కల్నల్. అక్కాచెల్లెళ్ల చిన్నప్పుడు వాళ్ల నాన్న సంతలో కొన్నాడు. పుట్టింటివాళ్లలో ఇక మిగిలింది వాడొక్కడే.

వచ్చిన దగ్గర్నుంచీ వాడు ఏమీ ముట్టలేదు. ఎనిడ్ వేడి దీపం పెట్టింది, పెట్టెలో మట్టి పోసింది, గోరువెచ్చటి నీళ్లలో స్నానం చేయించింది. అంతవరకూ బాగానే ఉంది. తినడానికి మాత్రం పాలలో నానేసిన రొట్టె పెట్టింది.

"తాబేళ్లకు పాలు పడవట, ఎనిడ్."

"మా నాన్న ఇదే పెట్టేవాడు. చచ్చాడా కల్నల్? నీ ఎదురుగానే ఉన్నాడుగా!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చివరికి నేనే బలవంతాన జంతువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆ అమ్మాయి కల్నల్‌ను తిరగేసి చూసి నిట్టూర్చింది. గోళ్లు కొడవళ్లలా వంకర తిరిగి ఉన్నాయి. పాదం నేలకు ఆనడం లేదు, మేత దాకా నడవలేకపోతున్నాడంది.

"చలికాలమంతా నిద్రపోయే ప్రాణి ఇది. ఇప్పుడు తిని ఒళ్లు చేయకుండా పడుకుంటే వసంతానికి లేవడు. ముందు గోళ్లు తియ్యాలి. మట్టిలో తిరిగితే వాటంతటవే అరిగేవి. చాలా ఏళ్లుగా ఇంట్లోనే ఉంచినట్టున్నారు."

"ఏం మాట్లాడుతున్నావు? మా అక్క రోజూ తోటలో వదిలేది," అంది ఎనిడ్.

ఒక గోరు కత్తిరించి చూపించి, మిగతావి కూడా తీస్తానంది డాక్టరమ్మ. ఎనిడ్ ఒప్పుకుంటేగా! "మా ఇంటివాడి గోళ్లు మేం తీసుకుంటాంలే" అని పెట్టె చంకన పెట్టుకుని లేచింది. దారి పొడుగునా ఆ అమ్మాయిని తిడుతూనే ఉంది. మేవిస్ ప్రతి ఆదివారం ఫోన్ చేసేది, కల్నల్ కబుర్లే చెప్పేది: గులాబీల కింద గుంట తవ్వాడని, పక్కింటి స్ట్రాబెర్రీలు తినేశాడని. నువ్వెలా ఉన్నావంటే, "నాకేం, బాగానే ఉన్నా" అనేది. ఈ దేశంలో ఆ ముక్కకు పక్క మీంచి లేవలేకపోతున్నానని కూడా అర్థం ఉండొచ్చు. అడిగి తెలుసుకోవడం మర్యాద కాదు. పిలవకుండా వెళ్లడం అంతకన్నా కాదు.

వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచాం. నానబెట్టిన గోళ్లు మెత్తబడ్డాయి. నేను పట్టుకున్నాను, ఎనిడ్ కళ్లద్దాలు సర్దుకుని కుక్కల గోళ్లు తీసే కత్తెర అందుకుంది. గోటి లోపల గులాబీ రంగు నరం కనిపిస్తుంది, దాని జోలికి పోకుండా చివర్లు కొంచెం కొంచెంగా తియ్యాలి. కల్నల్ కాలు లాక్కుంటాడు, ఎనిడ్ వాడి ఏడు తరాలనూ తిడుతుంది, మళ్లీ కాలు పట్టుకుంటుంది.

వెనక కాలి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. గోటి వంకరలో ఆకుపచ్చ ఉన్నిపోగులు బిగుసుకుని ఉన్నాయి. సూదితో లాగితే ఊడి వచ్చాయి. దీపం కింద పెట్టి చూసింది. మిగతా కాళ్లకూ ఉన్నాయి.

"మేడ మీద మేవిస్ పడకగది తివాచీ ఇది. ఇద్దరం వెళ్లి కొన్నాం."

నాకప్పుడు అర్థమైంది. మెట్లు దిగలేని మనిషి, ఆ గది దాటని తాబేలు. ప్రతి ఆదివారం ఫోన్లో గులాబీలూ, స్ట్రాబెర్రీలూ.

"దొంగ మొహంది," అంది ఎనిడ్. మిగిలిన గోటికి కత్తెర వేసింది. చూసుకోకుండా వేయడంతో లోపలికంటా తెగింది, రక్తం చిమ్మింది. నేను కార్న్‌ఫ్లోర్ అద్ది అదిమి పట్టుకున్నాను. ఎనిడ్ కుర్చీలో కూలబడి, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ ఏడవడం నేను చూడలేదు. నాకూ ఏడుపొచ్చింది.

రక్తం ఆగాక కల్నల్‌ను దీపం కింద దించాను. కాసేపు కదల్లేదు. తర్వాత ఒక కాలు ఆనించాడు, ఇంకోటి ఆనించాడు. పెరట్లోని పసుపు పూల కలుపు మొక్క ఆకులు ఓ పక్కన పెట్టి ఉంచాను. అక్కడిదాకా నడిచాడు. వాసన చూశాడు. ఒక ఆకు అందుకుని కరకరా కొరికాడు.

"తింటున్నాడు," అన్నాను మెల్లగా.

ఎనిడ్ వాడినే చూస్తూ కూర్చుంది. "ఒక్క మాట చెప్పుంటే ఆ పూటే రైలెక్కేదాన్ని కదే."

"ఆవిడ చోట మీరుంటే చెప్పేవారా?"

కోప్పడుతుందనుకున్నాను. కల్నల్ రెండో ఆకు కూడా తినేశాడు.

"లేదు," అంది.

లేచి, గోడ మేకుకు వేలాడుతున్న వెనక తలుపు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.

"ఉంచుకో. నేను బాగానే ఉన్నానన్నా సరే, రా."