నాలుగు పాయల జడ

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. పనీపాటా లేక చెబుతున్నారనుకునేదాన్ని. ఇప్పుడు నేనే చెప్పాల్సి వస్తోంది.

మాది తమిళనాడులో వేలూరు దగ్గర గుడియాత్తం. అమ్మ అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసి మా అక్కచెల్లెళ్లిద్దరినీ పెంచింది. అక్క నా పెళ్లికి ముందే జ్వరంతో పోయింది. అమ్మకు మతిమరుపు జబ్బు వచ్చాక చూసుకునేది నేనొక్కదాన్నే.

అయినా ఆమెకు అక్కే కావాలి. నేను అన్నం పెడితే కొడుతుంది. ఖాళీ గోడ వైపు తిరిగి మాత్రం "పెద్దపాపా" అంటూ ముద్దుగా మాట్లాడుతుంది. నేనెవరో ఆమెకు తెలియదు. పోయినదాని మీద కుళ్లేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను, కానీ ఒళ్లు మండేది.

పోయిన ఏడాది వేలూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. జబ్బు వల్ల ప్రవర్తన ఎంత చెడిందో కొలవాలని అక్కడ ఒక మేడమ్ ప్రశ్నలు వేశారు. కొడుతుందా, అరుస్తుందా, లేనివాళ్లతో మాట్లాడుతుందా? ఒక్కోదానికి నాకెంత బాధో సున్నా నుంచి ఐదు వరకు ఒక అంకె చెప్పమన్నారు. కొట్టడానికి రెండు అన్నాను. అక్కతో మాటలకు ఐదు అన్నాను. భయమా అని అడిగారు. అసూయ అని చెప్పడానికి నోరు రాలేదు.

తర్వాత అమ్మను చేతులెత్తమన్నారు. భుజం దాటి లేవలేదు. అయితే ఈ జడ మీరే వేశారా, చాలా బాగుందే అన్నారు మేడమ్ నాతో.

అప్పుడు చూశాను. నాలుగు పాయల జడ. మా ఇంట్లో అది అక్కకొక్కదానికే వచ్చు. పొద్దున అమ్మ నన్ను తల ముట్టనివ్వలేదు. బస్సులో జుట్టు విరబోసుకునే కూర్చుంది, పక్కన నేనే ఉన్నాను. ఆసుపత్రిలో చీటీ కోసం ఒక్కసారి లేచాను, అదీ అమ్మ కనబడేంత దూరమే. బెంచీ మీదివాళ్లను తర్వాత అడిగాను. ఆమె దగ్గరికి ఎవరూ రాలేదన్నారు.

ఎవరు అల్లినారమ్మా అని అడిగాను. అమ్మ నన్ను చూడలేదు. నా కుర్చీ వెనక్కి చూసింది.

"చిన్నదానికి గూడా అల్లు పాపా. పొద్దన్నించి తల దువ్వకుండా తిరగతా ఉండాది."

చిన్నదంటే నేనే. జబ్బు ముదిరాక ఆ పిలుపు వినడం అదే మొదటిసారి. నిజంగానే ఆ రోజు హడావిడిలో దువ్వుకోకుండా ముడి వేసుకుని వచ్చాను.

వెనక్కి తిరగలేదు. ముడి విప్పుకుని కూర్చున్నాను. మేడమ్ ఏమనుకున్నారో తెలియదు. నా జుట్టును ఎవరూ తాకలేదు.

అమ్మకు ఆ జడ ఎవరు వేశారో ఈ రోజుకీ చెప్పలేను. అమ్మ నన్ను గుర్తుపట్టింది, అంతవరకు నిజం. గుర్తుపట్టి, అక్కకే అప్పజెప్పింది.