పదో సంతకం

1979 మార్చి 14, బుధవారం. డిగ్రీ ఆఖరు ఏడాది పరీక్ష ఫీజు కట్టడానికి సోమవారం వరకే గడువు. ఫీజు, హాస్టల్ బాకీ కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. ఆ రెండూ కట్టవలసింది నన్ను మూడేళ్ళుగా చదివిస్తున్న ట్రస్టు.

హరిజన వాడల నుంచి కాలేజీకి వచ్చిన ఆడపిల్లలకు ఆ ట్రస్టు ఫీజులు కట్టేది. ఊరికే కాదు, ఏడాదిలో నూట ఇరవై గంటలు వాడకు సేవ చేయాలి. నేను ధర్మసాగర్ దారిలో ఉన్న మా ఊళ్ళోనే ఆడవాళ్ళకు చదువు చెప్పాను. శని, ఆదివారాల్లో, వాళ్ళు చేలనుంచి వచ్చాక, సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు. 1978 జులై 1న మొదలుపెట్టాను. మార్చి 4 నాటికి ముప్పై ఆరు వారాలు, అంటే డెబ్బై రెండు రోజులు. పండుగలూ పరీక్షలూ పోగా అరవై తరగతులు. సరిగ్గా నూట ఇరవై గంటలు.

రిజిస్టరులో ప్రతి తరగతికీ పదిమంది గుర్తులు ఉండాలి, వేలిముద్రలో సంతకాలో. తొమ్మిదే ఉంటే ఆ తరగతి లెక్కలోకి రాదు. మా తరగతిలో ఉన్నదే పదిమంది.

హనుమకొండలో ట్రస్టు ఆఫీసు చూసే పెద్దాయన రిటైరైన తహసీల్దారు. బుధవారం నాడు నా ఎదుటే రిజిస్టరు పేజీలు ఒక్కొక్కటీ తిప్పాడు. మొదటి నాలుగు నెలలూ వేలిముద్రలు. ఆ తర్వాత అన్నీ సంతకాలు.

"వేలిముద్రలు ఎటు పోయినయమ్మా?"

"సంతకం నేర్చుకున్నరు సార్."

"పదిమందీ ఒక్క చేత్తోటే నేర్చుకున్నరా?" అని రిజిస్టరు నా వైపు తిప్పాడు.

నేను అప్పటిదాకా గమనించలేదు. నా అక్షరాలు కుడివైపు ఒరుగుతాయి. తలకట్టు పొడుగ్గా పైకి లాగుతాను. ఆ పదిమందీ ఎన్నడూ వేరే ఎవరి రాతా చూసినవాళ్ళు కాదు. నేను పలక మీద రాసిచ్చిన పేరునే నెలల తరబడి దిద్దారు. పది సంతకాలూ నేనే కూర్చుని రాసినట్టే ఉన్నాయి.

"శుక్రవారం పదిగంటలకు పదిమందినీ తీస్కరా. నా ముందర రాయాలె. లేకుంటే ఈ ఏడాది సాయం లేదు."

నాకు భయం వేసింది ఆ మాటకు కాదు. ఆ రిజిస్టరులో ఒక సంతకం నిజంగానే నాది.

ఫిబ్రవరి 11, ఆదివారం. ఆరోజు తొమ్మిదిమందే వచ్చారు. పదో మనిషి మా మేనత్త రాలేదు. రెండు గంటలూ చదువు చెప్పాను, అవి వృథా పోతాయని మనసొప్పలేదు. ఎట్లాగూ అత్తే కదా అని ఆమె పేరు నేనే రాశాను. మార్చి 4న లెక్క సరిపోయిందని తరగతులు ఆపేశాను.

గురువారం ఊరికి పోయాను. అందరూ మిరపచేలో కాయలు ఏరుతున్నారు. గట్టు మీద నిలబడి సంగతి చెప్పాను.

"మమ్ముల దొంగలంటాండా ఆ సారు?" అంది ఒకామె.

"మిమ్ముల కాదు, నన్ను."

"గట్ల చెప్పు మరి. నువ్వు దొంగవైతే మాకేంది?" అందరూ నవ్వారు. కానీ మర్నాడు కూలి వదులుకుని పదిమందీ బస్సెక్కారు. బస్సులో అత్త నా పక్కనే కూర్చుంది. చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. ముందు సీట్లో, వెనక సీట్లో మావాళ్ళే. ఆమె తన పేరు రాస్తుంది, అంతటితో అయిపోతుంది అనుకుని ఊరుకున్నాను.

ఆఫీసులో పెద్దాయన తెల్లకాగితం బల్ల మీద పెట్టి ఒక్కొక్కరినీ పిలిచాడు. మిరపకాయలు ఏరిన చేతులు మండుతుంటే ఒకామె కలం మూడుసార్లు జారవిడిచింది. ఆయన కాగితాన్ని రిజిస్టరు పక్కన పెట్టి చూసేవాడు, తలూపేవాడు. తొమ్మిదిమంది అయ్యారు. ఆఖరున అత్త అందరికంటే చక్కగా రాసింది. ఆయన ముద్ర అందుకున్నాడు.

"సారూ, ఒక్కసారి ఆ బుక్కు జూత్త. నా పేరు ఎన్నిసార్లున్నదో" అని అత్త రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. వేలు పెట్టి పేజీ తర్వాత పేజీ చదువుతోంది. వద్దనలేక నేను ఆ వేలినే చూస్తున్నాను. అది ఒకచోట ఆగింది.

"పదకొండు, రెండు, డెబ్బై తొమ్మిది. గీ దినం నేను ఊళ్ళె లేను గదనే పిల్లా! బిడ్డ కాన్పుకు దవాఖానల ఉంటి. మనుమడు పుట్టిన దినమాయె. నువ్వు రాయమంటెనే గద తలుపు మీద బొగ్గుతోటి తారీఖు రాసుకున్న. మరి గిది ఎవలు రాసిండ్లు?"

తారీఖులు చదవడం ఆమెకు నేర్పింది నేనే.

"నేనే రాసిన సార్" అన్నాను.

పెద్దాయన ఎర్రసిరాతో ఆ పేజీని అడ్డంగా కొట్టేశాడు. "నూట పద్దెనిమిది. రెండు తక్కువ."

వెనకనుంచి ఒకామె అడిగింది. "తక్కువైతె ఇప్పుడే చదువు చెప్పదా సారూ? పదిమందిమీ ఉన్నం గద. రేపు మళ్ళ కూలి ఇడిసి ఇక్కడికి ఎవ్వలు రారు."

ఆయన గోడగడియారం చూశాడు. "పన్నెండు పది. రెండు పదిదాకా చెప్పు. వరండాల కూసోండ్రి. నేనూ కూసుంట."

అన్నం తినని పదిమంది ముందు, గచ్చు మీద సుద్దముక్కతో రాస్తూ రెండు గంటలు చెప్పాను. బస్సుల బోర్డుల మీద ఉండే ఊర్ల పేర్లు రాయించాను. గచ్చు గరుకుకు నా అక్షరాలు ఒరగలేదు, వంకర పోయాయి. అవి కూడా వాళ్ళు అట్లాగే దిద్దారు. రెండు పదికి పదిమందీ సంతకాలు పెట్టారు. పదోది అత్తది. ముద్ర పడింది.

తిరుగు బస్సులో అత్తే మొదలుపెట్టింది.

"నీ చదువు చెడగొట్టాల్నని చెప్పలేదే. అది నా పేరు. రాసేటప్పుడు నన్నడగాలె గద."

తర్వాత ఊరు వచ్చేదాకా కిటికీలోంచి ఎదురుబస్సుల బోర్డులు చదువుకుంటూ కూర్చుంది. సోమవారం, మార్చి 19న ఫీజు కట్టాను.