అవ్వ చెప్పగా రాసిన అర్జీ

పేపర్లో నా నంబరు చూసుకున్న రోజు రైల్లో కూర్చోలేకపోయాను. కోసిగి వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడి, ఎదురొచ్చిన ప్రతి తుమ్మచెట్టుకూ మనసులో చెప్పుకుంటూ వచ్చాను, బీయే ప్యాసయ్యానని. మా ఇంట్లో వేలిముద్ర మాని సంతకం నేర్చిన మొదటివాణ్ణి నేనే. బండి దిగేసరికి ఎండ నేలమీద నీళ్లలా కదులుతోంది. ఆ నీళ్లలో మా ఊరు తేలుతోంది. నా కాళ్లు నేలకు ఆనుతున్నాయో లేదో తెలియలేదు.

అమ్మా నాయనా పనులకు వలసపోయి ఇంకా రాలేదు. ఇంట్లో అవ్వ, చెల్లెలు ఉన్నారు.

"అవ్వా, ప్యాసైనా!" వాకిట్లోంచే అరిచాను.

"సరైన పొద్దుకే వచ్చినావు నాయనా," అంది అవ్వ, సజ్జలు చెరిగే చేట పక్కన పెట్టి. "కాగితం తీయ్. అర్జీ రాయాల."

సంగతి ఇది. బడిపిల్లల్ని పది రోజులు ఆత్మకూరు అవతల నల్లమల అంచున క్యాంపుకు తీసుకుపోతున్నారు. పన్నెండేళ్ల మా చెల్లెలు కూడా పేరిచ్చింది. అయితే జబ్బమీద టీకా మచ్చ లేని పిల్లల్ని లారీ ఎక్కించరట. పొద్దున్నే లారీ వస్తుంది. టీకాకు అవ్వ ఒప్పుకోదు. టీకా లేకుండానే ఎక్కించుకొమ్మని క్యాంపు మేస్టరుకు అర్జీ పెట్టాలట.

చెల్లెలికి ఏడాది నిండి, చెవులు కుట్టించాలనుకుంటున్న నెలలోనే అమ్మవారు పోసింది. దాన్ని మశూచి అంటారని నేను తర్వాత చదువుకున్నాను. గుమ్మానికి వేపమండలు కట్టారు, ఇంట్లో తాలింపు మానేశారు. పదకొండో నాడు పిల్ల కళ్లు తెరిచింది. అప్పుడు అవ్వ మొక్కుకుంది: "నువ్వు తాకి ఇడిసిపెట్టిన ఒళ్లు తల్లీ, దీనిమీద ఇంగ సూది పెట్టనీయను." అందుకే చెల్లెలి చెవులు ఈనాటికీ కుట్టలేదు. తొలి చినుకులు పడిన దుమ్ములా ముఖమంతా సన్నటి గుంటలు. ఓణీ కొంగు ముక్కుదాకా లాక్కుని గోడల నీడల్లోనే నడిచేది. అలాంటి పిల్ల నలుగురిలోకి పోతానని నోరు తెరిచి అడగడం అదే మొదలు.

"టీకా మంచిదే అవ్వా. హాస్టల్లో నాకూ ఏసినారు," అన్నాను, చదువుకున్నవాడిలా గొంతు సవరించుకుని.

"మంచిదే, ఎవరు కాదన్న్యారు? రానోళ్లకు ఏసుకోనీ. వచ్చిపోయినదానికి ఎందుకప్పా? వాన పడిన చేన్లో కడవతో నీళ్లు పోస్తారా యాడన్నా?"

సంచిలోంచి కాగితం తీశాను. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రావడం అరుదని నా పుస్తకాలూ అన్నాయి మరి.

గడప మీద కూర్చుని ముందు ఇంగ్లీషులో రాశాను. నేను నేర్చిన పెద్ద పెద్ద మాటలన్నీ పోశాను. గట్టిగా చదివి వినిపిస్తే అవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఏమప్పా, ఆయన్ని అడుగుతాండావా, తిడతాండావా?"

తలుపు చాటున చెల్లెలు కిలకిలా నవ్వింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అవ్వ చెప్పిన మాటలు చెప్పినట్టే తెలుగులో రాశాను, వాన పడిన చేనుతో సహా. కింద ఆమె వేలిముద్ర, దాని పక్కన నా సంతకం. సంతకం కింద బి.ఎ. అని రాసుకున్నాను. మొదటిసారి. ఆ రెండక్షరాలు ఆరేదాకా ఊదుతూనే ఉన్నాను.

తెల్లారి అవ్వా, చెల్లెలూ, నేనూ పోయేసరికి బడి ముందు లారీ. క్యాంపు మేస్టరు పిల్లల్ని వరసలో నిలబెట్టి, చొక్కా చేతులు పైకి లాగించి మచ్చలు చూస్తున్నాడు. మా అర్జీ నిదానంగా చదివాడు.

"బాగా రాసినారు. కానీ నాకిచ్చిన ఆర్డర్లో మచ్చ ఉండాలనే ఉంది. నేనేం చేసేది?"

నేను నోరు తెరిచేలోపలే చెల్లెలు ముందుకు జరిగింది. కొంగు ముఖం మీంచి లాగేసింది. అంత వెలుతురులో ఆ ముఖాన్ని నేనూ ఏనాడూ చూడలేదు.

"ఒక మచ్చ చాలంటాండారు గదా సార్. నాకాడ ఇన్ని ఉండాయి."

వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. చెల్లెలు కూడా నవ్వింది. మేస్టరు నవ్వలేదు. ఆ ముఖాన్నీ, కుట్టని చెవుల్నీ చాలాసేపు చూశాడు. "చెవులెందుకు కుట్టియ్యలేదమ్మా?" అని అవ్వనడిగాడు. ఆమె మొక్కు సంగతి చెప్పింది. ఆయన పెన్సిలు తీసి పట్టీలో చెల్లెలి పేరుకెదురుగా రాసుకున్నాడు: మశూచి వచ్చి తగ్గినది.

"మా పైవాళ్లు అడిగితే ఈ అర్జీ చూపిస్తా. ఎక్కు పాపా."

"అది రాసింది నా మనవడే సామీ," అంది అవ్వ. "బీయే ప్యాసైనాడు నిన్న. శానా పెద్ద చదువు."

అంటే నిన్న నేను అరిచింది ఆమె విన్నదన్నమాట.

లారీ కదిలింది. దుమ్ము లేచి బడీ, జనమూ, వేపచెట్లూ అన్నీ పల్చనైపోయాయి. చెల్లెలి కొంగు గాలికి ఎగిరి భుజం మీద పడింది. రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది, కొంగు తిరిగి లాక్కోలేదు. మలుపు తిరిగేదాకా ఆ ముఖం కనబడుతూనే ఉంది.