మూడో అంతస్తు దాకా పాట

కువైట్ యుద్ధం ముగిసిన కొత్తలో మేం బహ్రెయిన్‌లో ఉండేవాళ్లం, మా ఊరివాళ్ల లెక్కలో మాత్రం దుబాయిలో. జింజ్ అనే పేటలో మూడో అంతస్తు ఫ్లాటు. ఎదురింట్లో నల్లజాతి అమెరికన్ టీచరు ఒకావిడ ఉండేది. అక్కా అని పిలిచేదాన్ని. లిఫ్టు ఉన్నా ఆమె రోజూ సాయంత్రం చర్చి పాట పాడుకుంటూ మెట్లెక్కి వచ్చేది. భక్తి అనుకున్నాను. కాదట. వాళ్లమ్మా, పిన్నీ యాభై నిండకుండానే గుండెజబ్బుతో పోయారు. తనూ ఆ వయసుకు దగ్గరపడింది. పాట ఆగకుండా పైకొస్తే ఆ రోజుకు గుండె బాగున్నట్టు.

ఎందుకు చెప్పిందో గానీ, అప్పట్నుంచి నాకు స్థిమితం లేదు. సాయంత్రమైతే పొయ్యి కట్టేసి తలుపు దగ్గర చెవి ఒగ్గి నిలబడేదాన్ని. మా ఆయన విసుక్కునేవాడు.

"గుండెజబ్బు మొగోళ్లకొస్తది. ఊకె బుగులు పడకు."

ఆమె చూపించుకున్న డాక్టరు కూడా అదే మాట అన్నాడట, కాస్త మంచి ఇంగ్లీషులో. టెన్షన్ అని రెండుసార్లు మాత్రలిచ్చి పంపేశాడు.

ఒకరోజు పాట రెండో అంతస్తులో ఆగిపోయింది. పైకొచ్చాక, పదాలు మరిచిపోయానంది. చిన్నప్పటి నుంచీ పాడే పాటను ఎవరైనా మరిచిపోతారా? వినీ వినీ నాకే కంఠతా వచ్చేసింది. భయమేసింది, ఒళ్లు మండింది కూడా.

మర్నాడూ అక్కడే ఆగింది. నేను పైనుంచి వంగి, నాకొచ్చిన ఇంగ్లీషులోనే తర్వాతి చరణం అందించాను. కింద నుంచి పాట రాలేదు. పరుగున దిగి చూస్తే, దవడ పట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది.

"పదాలు కాదు," అంది.

టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు మళ్లీ టెన్షన్ అనబోయాడు. వాళ్లమ్మ సంగతీ, పిన్ని సంగతీ, పాట సంగతీ ఏకరువు పెట్టి, పరీక్షలు చేసేదాకా కదలనని మొండికేశాను. చేశారు. గుండెకు పోయే రక్తనాళం ఒకటి సన్నబడుతోందట, దవడ నొప్పీ దానివల్లేనట. ఇంకా గుండెపోటు దాకా రాలేదు, మందులతో కాచుకోవచ్చన్నారు. అప్పుడు ఏడ్చాను.

ఇంటికి తీసుకొస్తుంటే దారిలో అక్క అడిగింది, మీ అమ్మ ఎలా పోయిందని. జబ్బేం లేదు, కొన్నాళ్లు ఆయాసపడి వంటింట్లోనే పోయిందన్నాను. మా ఇంట్లో అందరం అలాగే చెప్పుకుంటాం.

బిల్డింగు దగ్గర దిగాక తను లిఫ్టులోకి వెళ్లి, నాకు మెట్లు చూపించింది.

"ఇవాళ నువ్వు పాడు. నేను పైన వింటుంటాను."