స్టిక్కరు లేని పెడల్

పాత రేడియోలు విప్పి పని నేర్చుకున్నవాణ్ణి నేను. అరకులో మా వంటగదిలోనే గిటార్ పెడళ్లు చేస్తాను. అంటే, కాలితో నొక్కగానే గిటార్ గొంతు మార్చేసే డబ్బాలు. లోపలి బోర్డు మీద రాగి దారులు చేత్తోనే గీస్తాను. మా మంచుకి అవి చిలుము పట్టకుండా, సంతలో కొన్న లక్కని స్పిరిట్‌లో కరిగించి పూస్తాను. విదేశీ కంపెనీలకి మా మంచు గురించి ఏం తెలుసు?

రిసార్టులో వాయించే పట్నం కుర్రాడి విదేశీ పెడల్ ఆ మంచుకే చచ్చింది. పరుగున నా దగ్గరికొచ్చాడు. నేను చేసిందాన్ని వాయించి చూసి, "ఉరిమినట్టుంది తాతా!" అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించాడు.

"దీని మీద ఫారిన్ స్టిక్కరొకటి అంటించియ్యి. ఇంట్లో సేసిందని తెలిస్తే పరువు పోతాది."

"ఏటిరా గుంటడా, ఉరుము డబ్బాలోంచి వచ్చిందా, స్టిక్కర్లోంచి వచ్చిందా? నీ సచ్చిన డబ్బానే అట్టుకుపో!"

పట్టుకునే పోయాడు. ఆ సాయంత్రం మనసు మార్చుకుంటాడేమోనని నా పెడల్ సంచిలో వేసుకుని రిసార్టుకి వెళ్లాను. అక్కడ కుర్రాడు గిటార్ వైరు నేరుగా స్పీకరుకి తగిలించుకుని, దేనికీ కలపని ఆ చచ్చిన డబ్బాని దర్జాగా తొక్కుతున్నాడు. గిటార్ గొంతు రవ్వంతైనా మారలేదు. టూరిస్టులు అతని కాలికే ఫొటోలు తీసి చప్పట్లు కొట్టారు. నేను సంచి విప్పకుండానే ఇంటికొచ్చేశాను.