డిట్టో పెట్టిన హాస్టలు

నేను చేసిన ఒక మంచి పని వల్ల మా హాస్టలు మొత్తానికి పిచ్చిదన్న పేరొచ్చింది. ఎలాగో చెబుతాను, కడుపారా నవ్వుకోండి. ఆ పని తప్పని మాత్రం నా చేత ఒప్పించలేరు.

అప్పుడు నేను కర్నూలులో పీజీ మొదటి సంవత్సరం. మా యూనివర్సిటీ అమ్మాయిల హాస్టల్లో కొత్తగా కౌన్సెలింగ్ గది తెరిచారు. దిగులుగా ఉన్నవాళ్లు వెళ్లి మాట్లాడుకోవచ్చు. వెళ్తే పిచ్చిదంటారని అందరికీ భయం. కౌన్సెలర్ మేడం రోజూ వచ్చి, ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని స్వెటర్ అల్లుకునేది. కర్నూలు ఎండల్లో స్వెటరండీ! నెలాఖరుకల్లా ఎవరూ రాకపోతే గదిని స్టోర్‌రూమ్ చేస్తామని వార్డెన్ మేడం చెప్పేసింది. వాలంటీరుగా ఆ గది బాధ్యత నాది. నాకు రోషం పొడుచుకొచ్చింది.

మర్నాడే గదిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టించాను. బొరుగుల ఉగ్గాని వాసన తగిలితే మా సీమ పిల్లలు పరీక్ష రాస్తూ కూడా లేచి వస్తారు. వరండా చివరిదాకా వరుస కట్టారు. అయితే రిజిస్టర్లో పేరు, దాని పక్కన సమస్య రాయాలని నిబంధన.

"సమస్య ఏం రాయల్లక్కా? నాకేం ల్యాదే!" అంది ముందున్న పిల్ల.

"పైన నేను రాసిందే నీదీ అనుకో. డిట్టో పెట్టి బజ్జీ తీస్కో."

రిజిస్టరు మొదటి వరుసలో నేను రాసింది: 'నిద్ర పట్టడం లేదు.' దాని కింద నాలుగు పేజీల డిట్టోలు.

రిజిస్టరు చూసిన వార్డెన్ మేడం గుండె పట్టుకుంది. హాస్టల్లో ఒక్కరికీ నిద్ర లేదు! ఇంటింటికీ ఫోన్లు చేసింది. మరుసటి పొద్దునకల్లా గేటు ముందు జీపులు, ఆటోలు. ఒకాయన మంత్రాలయంలో మొక్కిస్తానని కూతురి బ్యాగు సర్దించాడు. మైదుకూరు నుంచి మొదటి బస్సుకే మా నాన్నా దిగాడు.

"ఈ గదికి తాళమేస్తాండా. అంతా నీవల్లే!" అంది వార్డెన్ మేడం, తాళం పట్టుకుని కౌన్సెలింగ్ గది దగ్గర, అందరి ముందూ.

"డిట్టోలన్నీ బజ్జీల కోసం పెట్టినవే మేడం. నన్ను తిట్టండి. తాళమేస్తే మాత్రం ఒప్పుకోను. మొదటి వరుస నాది. అది బజ్జీ కోసం రాసింది కాదు."

అంతవరకూ ఆ మాట రూమ్మేటుకైనా చెప్పలేదు. పొలం గట్టు తగాదాల్లో కూడా తగ్గని మా నాన్న నావైపే చూస్తున్నాడు. ఇంటికి పదమంటాడనుకుని తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"నేను రాను నాన్నా. ఈడనే ఉంటా."

"నిన్ను రమ్మన్నదెవరు? ఆ పుస్తకం ఇట్టియ్యి."

ఇచ్చాను. చివరి పేరు కింద తన పేరు రాసి, సమస్య దగ్గర శ్రద్ధగా డిట్టో పెట్టాడు.

"నిన్ను ఈడ దింపిపోయినప్పట్నుంచి నాకూ పట్టడంల్యా. మీయమ్మకు చెప్పాకు," అని చుట్టూ చూశాడు. "యాడుండాదమ్మా ఆ మేడం?"

కౌన్సెలర్ మేడం స్వెటరు పక్కన పెట్టింది. మా నాన్న వెనక ఇంకో ఇద్దరు నాన్నలు వరుసలో నిలబడ్డారు. "బజ్జీలు ల్యావా పాపా?" అనడిగాడు మంత్రాలయం ఆయన. వార్డెన్ మేడం తాళం తీసుకుని వెనక్కి వెళ్లిపోయింది. ఆ స్వెటరుకి ఇప్పటికీ ఒక్కటే చెయ్యి.

కాబట్టి ఉగ్గాని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ రిజిస్టరు పక్కన బజ్జీలు పెట్టను. బజ్జీలు పెడతాను. రిజిస్టరే పెట్టను.